ఐదు ముప్పాతిక



పెద్దలు చెప్పాలి, పిన్నలు వినాలి అనే మాటను కాదనేవారు లేరు. అయితే అది సగమే నిజమని, ఈ సంచికకు సన్నాహాలు జరుగుతున్న రోజుల్లో హోసూరు సమీపంలోని ఒక ఇంట తెలియవచ్చింది.

బడి తొలి కట్టడానికి ఊరివారిచ్చిన చందాల పద్దు పుస్తకం ఒక పూర్వ విద్యార్థిని ఇంట, అటక మీది పెట్టెలో దొరికింది. అది ఆ అమ్మాయి అవ్వకు తండ్రిగారి చేవ్రాత. దాతల పేర్లు సంచికలో అచ్చు వేయించాలని ఆమె వాటిని కంప్యూటరులోకి ఎక్కించసాగింది. ఒక కుమ్మరి పేరుకు ఎదురుగా తెలుగు అంకె ఐదు, దాని పక్కన మూడు నిలువు గీతలు ఉన్నాయి. ఐదువేల నూట పదకొండు రూపాయలని రాసుకుంది. ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి లేదు. ఆ గీతలను బడిలో ఆమెకెవరూ నేర్పలేదు.

అవ్వ చూసి నవ్వింది. "వేలు కాదమ్మా, ఐదు ముప్పాతిక" అంది. పాతికకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముప్పాతికకు మూడు, వీసానికి అడ్డగీత. రూపాయికి పదహారణాలు గనుక అది ఐదు రూపాయల పన్నెండణాలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాక అణాల లెక్క క్రమంగా మరుగున పడింది. ఆ గీతలన్నీ 2008లో యూనికోడ్‌లో చేరాయని మనుమరాలు వెదకి చూపితే అవ్వ ఎంతో ముచ్చటపడింది.

ఇంతటితో ముగిసి ఉంటే పెద్దల గొప్ప చెప్పుకొని ఊరుకోవచ్చు. పుస్తకం చివరి పుటలు తడిసి సిరా వెలిసిపోయింది. చెరువు అవతలి వీధివారు బడికి ఏమీ ఇవ్వలేదని అవ్వ చిన్ననాటినుంచి విన్నది. తన పిల్లలకూ అదే చెప్పింది. ఆ మాట మీద ఆ రెండు వీధుల మధ్య ఎన్నేళ్ళు పలకరింపులు కరువయ్యాయో! మనుమరాలు ఆ పుటలను ఫోనుతో ఫొటో తీసి, వెలుగు పెంచి, అక్షరాలు పెద్దవి చేసి చూపగా అవ్వే చదివింది. ఆ వీధివారు డబ్బు ఇవ్వలేదు. ఇంటికొకరు చొప్పున పన్నెండు రోజులు రాయి మోశారు. పద్దులో దానిని చందాగానే రాసి ఉంది.

అవ్వ మొదట ఒప్పుకోలేదు. "ఊరంతా అబద్ధమాడిందా?" అంది.

"మీ నాయన తన చేత్తో రాసిందే కదవ్వా" అంది మనుమరాలు, నెమ్మదిగా.

జీవితమంతా నమ్మినదానిని పసిపిల్ల మాట మీద మార్చుకోవడం చిన్న సంగతి కాదు. ఎక్కాలు కంఠస్థం చేయడంకన్నా అది కష్టం. అవ్వ ఆ రాత్రి సరిగా భోజనం చేయలేదట. మరునాడు చేతికర్ర పట్టుకొని, మనుమరాలిని వెంటబెట్టుకొని ఆ వీధికి వెళ్ళి, రాయి మోసినవారి పేర్లు ఒక్కొక్కటీ వారి పిల్లలకు చదివి వినిపించింది. సంచికకు వెళ్ళిన దాతల పట్టికలో ఆ పేర్లన్నీ ఉన్నాయి, ఎదురుగా రోజుల లెక్కతో సహా. కుమ్మరి పేరుకు ఎదురుగా ఐదు ముప్పాతిక ఉంది.