పాత మోటారు సైకిలు కొనువారికి

మిరప డబ్బు చేతికి వచ్చిన దినములలో పల్నాటి ఇండ్లలో వినవచ్చు మాటలలో బండి మాట ఒకటి. క్రొత్తదానికి డబ్బు చాలనిచో పాతదైనను చాలునందురు. నరసరావుపేటలోనో మాచర్లలోనో మెకానిక్కు షెడ్డు ముందు కడిగి, తుడిచి, మెరుగుపెట్టి నిలిపిన బండ్లలో కొనదగినదేదో, కొనరానిదేదో గుర్తించు విధమును గూర్చి నేడు కొంత ముచ్చటించుకొందము.

మోటోక్రాస్ అను పందెమొకటి కలదు. అది 1924లో ఇంగ్లండున మొదలైనది. రోడ్డు లేని నేలపై, గుట్టలలో, బురదలో బండ్లను పరుగెత్తింతురు. ఆ బండ్ల వయస్సును ఏండ్లతో గాక, ఇంజను తిరిగిన గంటలతో లెక్కింతురు. మన గురజాల, దాచేపల్లి ప్రాంతముల బండి పేరునకు రోడ్డు బండియే గాని, దాని బ్రతుకు చాలవరకు పొలము డొంకలలోనే గడచును. ముందు పురుగుమందు డబ్బా, వెనుక ఎరువు బస్తా, పంట వచ్చినపుడు మిరప టిక్కీ. కావున దానిని పందెపు బండిని చూచినట్లే చూడవలెను. మీటరులోని కిలోమీటర్ల అంకెను మేమంతగా లెక్కచేయము. మీటరు కేబులు ఊడదీసినచో బండి తిరిగినను అంకె కదలదు. పాదములు మోపు రబ్బర్ల అరుగుదల, బ్రేకు పెడలు నునుపుదేలిన తీరు దానికంటె నమ్మదగిన లెక్క.

ఈ ప్రాంతమున బండికి మొదటి శత్రువు దుమ్ము. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దారులలోను, నాపరాయి క్వారీల దారులలోను లేచెడి సన్నని పొడి దేనిలోనికైనను చొరబడగలదు. ఎయిర్ ఫిల్టరు మూత తీయించి చూడుడు. ఫిల్టరు మురికిగా నున్నంత మాత్రమున భయపడ నక్కరలేదు. క్రొత్తది వేసిన సరిపోవును. దానికి ఆవల, ఇంజను వైపున్న గొట్టములో వేలు పెట్టి తుడిచి చూడవలెను. అచ్చట పొడి అంటినచో అది సిలిండరులోనికి కూడ పోయినదన్న మాట. అట్టి పొడి సానరాయివలె పిస్టను రింగులను అరగదీయును.

బండిని చూచుటకు ఉదయముననే పోవుట మంచిది. మొదట ఇంజనుపై చేయి పెట్టి చూడుడు. అది అప్పటికే వెచ్చగా నున్నచో, మీరు రాకముందే దానిని స్టార్టు చేసి యుంచిరని గ్రహించి, టీ త్రాగి వచ్చెదమని చెప్పి చల్లారువరకు ఆగుడు. చల్లని ఇంజను స్టార్టు కావలసినది మీ యెదుటనే. చలి ఉదయమున కొద్దిసేపు తెల్లని ఆవిరి వచ్చుట సహజము. వేడెక్కిన పిదప కూడ నీలిపొగ వచ్చుచున్నచో రింగులో, వాల్వుల సీళ్లో అరిగి ఆయిలు కాలుచున్నదని అర్థము. నల్లపొగకు అంత ఖర్చు కాదు. ఆయిలు మజ్జిగవలె తెల్లబారి యున్నచో నీరు చేరినదని అనుమానింపవలెను. అట్టి బండి కాలువలోనో వాగులోనో మునిగినదేమో అడుగుటకు మొగమాటపడరాదు.

ముందు ఫోర్కులను గట్టిగా నొక్కి వదలుడు. మెరయు గొట్టములపై నూనె చార కనబడినచో ఆయిల్ సీళ్లు పోయినవి. ముందు చక్రమును పైకెత్తించి హ్యాండిలును మెల్లగా త్రిప్పినపుడు నడుమ ఎక్కడనో పట్టినట్లున్నచో కోన్‌సెట్టు మార్చవలసియుండును. ఇవన్నియు బేరమున తగ్గింపదగిన ఖర్చులు. హ్యాండిలు మెడ దగ్గర చాసీపై వెల్డింగు గుర్తులున్నచో మాత్రము బేరమే వలదు. బరువుతో గుంటలో పడి విరిగిన చాసీని అతికించిన బండిపై బిడ్డలను బడికి పంపుట ఎట్లు?

ఇంజనుకు మరమ్మతు కలదు. కాగితములకు మరమ్మతు అంత సులభము కాదు. చాసీ నంబరును, ఇంజను నంబరును గుడ్డతో తుడిచి ఆర్.సి.తో అంకె వెంబడి అంకె సరిచూడవలెను. రిజిస్ట్రేషను పదునైదేండ్లకే చెల్లును. 2010లో రిజిస్టరయిన బండికి 2025తో గడువు తీరినది. ఆర్.సి.లో ఫైనాన్సు కంపెనీ పేరున్నచో బాకీ తీరినదని ఆ కంపెనీ వ్రాసి ఇచ్చిన పత్రమును, ఫారము 35ను అడుగవలెను. కృష్ణ దాటి నల్లగొండ వైపునుండి వచ్చిన బండియైనచో, 2014 నుండి అది పరరాష్ట్రపు బండియే, అచ్చటి ఎన్.ఓ.సి., ఇచ్చటి జీవితకాల పన్ను రెండును కావలెను. ఇక అసలైన మోటోక్రాస్ బండిని చవుకగా నిచ్చెదమని యెవరైన చెప్పినచో, దానికి దీపములుండవు, ఆర్.సి. యుండదు, రోడ్డెక్కించు వీలే లేదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది ఖాళీ ఫారముల ఆచారము. అమ్మువారు ఫారము 29, 30లపై తేదీ లేకుండ సంతకములు చేసి యిత్తురు; బండి నలుగురి చేతులు మారినను పేరు మాత్రము మారదు. 2007లో అమ్మిన కారొకటి ఇట్లే చేతులు మారి, 2009లో ఒక బాలుని ప్రాణము తీసినది. పరిహారమునకు రికార్డులో పేరున్న మొదటి యజమానియే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. అమ్మువారికి ఈ సంగతి చెప్పి చూడుడు. పేరు మార్పునకు వారే తొందరపడుదురు. కొన్నవారికిని నష్టము లేకపోలేదు. పాలసీ తమ పేరునకు మారనిచో, బండికి కలిగిన నష్టమును ఇన్సూరెన్సు వారు చెల్లింపకపోవచ్చును. చట్టము ప్రకారము రాష్ట్రములోని బండి అమ్మకమును అమ్మినవారు 14 దినములలోను, కొన్నవారు 30 దినములలోను రవాణా శాఖకు తెలుపవలెను. ఇన్సూరెన్సు మార్పునకు 14 దినములే గడువు.

కావున ఫారములపై ఆనాటి తేదీ మీ యెదుటనే వేయించి, పైకములో కొంత భాగము పేరు మారిన పిదప ఇచ్చెదమని ముందే మాట్లాడుకొని, ఆ తరువాతనే తాళము చేతికి తీసికొనుడు.