ఊరివారి కళాశాల
(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చేసిన యుపన్యాసము)



మన సంఘ విద్యానిధినుండి యిచ్చు విద్యార్థివేతనములు ఇంజనీరింగు, వైద్యవిద్యార్థులకే చెందవలెనా, ఐ.టి.ఐ., పాలిటెక్నికు విద్యార్థులకును చెందవలెనా యను తీర్మానము రేపు సభ యెదుటకు రానున్నది. అందులకు ముందుగా ఒక చిన్న పట్టణపు కళాశాల చరిత్రను మనవిచేయ దలచితిమి. అది పరదేశమునందలిదే యైనను మన ప్రశ్నకు కొంత వెలుగు నీయగలదు.

అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున, చికాగో నగరమునకు నైరృతిదిశను సుమారు 60 కిలోమీటర్ల దూరమున జోలియెట్ పట్టణము గలదు. 1900 నాటికి అచ్చటి జనసంఖ్య 30,000 లోపు. రాతిగనులును, ఉక్కు కర్మాగారమును ఆ యూరివారికి బ్రతుకుదెరువు. ఉన్నతపాఠశాల ముగించియు, పరస్థలమున బస చేసి చదువుటకు స్తోమతులేని పిల్లల నిమిత్తము ఆ పాఠశాలాధికారి జె. స్టాన్లీ బ్రౌను గారును, చికాగో విశ్వవిద్యాలయ ప్రథమాధ్యక్షులు విలియం రెయినీ హార్పరు గారును ఒక యుపాయ మాలోచించిరి. కళాశాలలోని మొదటి రెండేండ్ల పాఠములను 1901లో ఆ పాఠశాలయందే చెప్పించిరి. మొదట చేరినవారు ఆరుగురు మాత్రమే! 1902లో పాలకమండలి దీని నామోదించి, విద్యార్థులనుండి జీతము గైకొనకుండ ఏర్పాటుచేసెను. నేటివరకు నిలిచియున్న అమెరికా ప్రభుత్వ కమ్యూనిటీ కళాశాలలలో ఇదియే మొదటిది. ఇప్పుడు అట్టివి ఆ దేశమున సుమారు వేయి గలవు.

దీని పేరు జోలియెట్ జూనియర్ కాలేజి. మనవద్ద జూనియరు కళాశాల యనగా ఇంటర్మీడియట్ చదువు. అచ్చట నది పండ్రెండవ తరగతి పిమ్మటి చదువు. రెండేండ్లు అచ్చట చదివి, తక్కిన రెండేండ్లు విశ్వవిద్యాలయమున ముగించి పట్టభద్రులు కావచ్చును. నర్సింగు, పాకశాస్త్రము, వెల్డింగు, మోటారువాహనముల మరమ్మతు మున్నగు వృత్తివిద్యలును అదే కళాశాలలో గలవు. బడి మధ్యలో మానిన పెద్దలకు చదువును, క్రొత్తగా వలసవచ్చినవారికి ఆంగ్లభాషయు నేర్పుదురు. నేడు జీతము గలదు గాని, విశ్వవిద్యాలయముల జీతముకంటె మిక్కిలి తక్కువ. స్థానికుల ఆస్తిపన్నులో కొంతభాగము దీని పోషణకు చెందును. ధర్మకర్తలను ఆ ప్రాంతపు ఓటర్లే యెన్నుకొందురు.

లోపములు లేవని మేము చెప్పజాలము. ఇట్టి కళాశాలలలో చేరినవారిలో పెక్కురు కూలిపనియు, కుటుంబభారమును మోయుచు చదువు నడుమనే విడిచుచున్నారు. ద్వారము తెరచిన మాత్రమున సరిపోదు; లోనికి వచ్చినవానిని తుదివరకు చేయిపట్టి నడిపింపవలెను.

సోదరులారా! గత సంవత్సరము మన సభ్యులలో నొకరు, తమ కుమారుడు ఎలక్ట్రీషియను తరగతిలో చేరెనని చెప్పుటకు సిగ్గుపడి తలవంచుకొనుట మేము కన్నులార చూచితిమి. ఆ సిగ్గు ఆయనది కాదు, మనది. ఇంజనీరు కాబోవు బాలుని వేదికపై పూలమాలతో సత్కరించి, ఆ బాలుని పేరైన నడుగనివారము మనమే కదా! జోలియెట్‌లో విశ్వవిద్యాలయమునకు పోవువాడును, వెల్డింగు నేర్చువాడును ఒకే కళాశాల గడప దాటుచున్నారు. ఒకడు ఎక్కువ, వేరొకడు తక్కువ యని ఆ గడప యెరుగదు.

కావున మన నిధి యెంత స్వల్పమైనను వృత్తివిద్యార్థులకును అందులో భాగ మీయవలెనని మా ప్రార్థన. వేతన మిచ్చి యూరకుండక, చదువు ముగియువరకు ప్రతి విద్యార్థి యోగక్షేమములను విచారించుటకు ఆ యా యూళ్ల పెద్దలలో నొకరిని నియమింపవలెను. ఆరుగురితో నారంభించుటకు ఆ యూరివారు సంకోచింపలేదు. మనమును సంకోచింప పనిలేదు.