దొండ తీగ కాయకపోతే తప్పు ఎవరిది?

 

ఈ రోజు దొండ పాదు గురించి మాట్లాడుకుందాం.

కొన్ని ఇళ్లలో దొండ తీగ పందిరంతా పాకుతుంది. తెల్లటి పూలు బాగా పూస్తుంది. కాయ మాత్రం ఒక్కటీ కాయదు. అప్పుడు ఇంట్లోవాళ్లు ఏమంటారు? "కోడలి చెయ్యి మంచిది కాదు" అంటారు. ఆమెకు పిల్లలు లేకపోతే ఇంకా నాలుగు మాటలు అంటారు. పాదు ముట్టుకోవద్దంటారు.

ఇందులో ఆ కోడలి తప్పేముంది? ఏమీ లేదు.

అసలు సంగతి వినండి. దొండలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. బొప్పాయిలో ఆడ చెట్టు, మగ చెట్టు ఉంటాయి కదా! ఇదీ అంతే. కాయ కాసేది ఆడ తీగ. మగ తీగ పూస్తుంది గానీ కాయదు. ఎన్ని నీళ్లు పోసినా కాయదు. ఎవరి చేత్తో నాటినా కాయదు.

ఏది ఆడ తీగో తెలిసేదెలా? పువ్వు అడుగున చూడాలి. ఆడ పువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. మగ పువ్వు కింద సన్నని కాడ మాత్రమే ఉంటుంది.

గింజ వేస్తే ఏ తీగ వస్తుందో ముందు తెలియదు. అందుకే తీగ ముక్క నాటాలి. బాగా కాసే పాదు నుంచి ముదురు తీగ కోసి తెచ్చుకోవాలి. అది పెన్సిలంత లావు ఉండాలి. 3 లేక 4 కణుపులు ఉండాలి. తల్లి ఆడ తీగ అయితే పిల్ల కూడా ఆడ తీగే అవుతుంది.

తొలకరి వానలకు నాటడం మంచిది. మూరెడు లోతు గుంట తియ్యాలి. చివికిన పశువుల ఎరువు మట్టిలో కలిపి నింపాలి. ముక్క మొదలు కిందికి ఉండాలి. 2 కణుపులు మట్టిలోకి పోవాలి. మట్టి తడిగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. తీగ సాగాక పందిరి వెయ్యాలి.

నాటిన తేదీ గోడ మీద రాసుకోండి. సుమారు 2, 3 నెలలకు కాపు మొదలవుతుంది. కాయలు లేతగా ఉండగానే కొయ్యాలి. ఏడాదికొకసారి ముదురు తీగలు కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుంది. ఒకే పాదు 3, 4 ఏళ్లు కాస్తుంది.

పెరట్లో మగ తీగ ఉంటే పీకెయ్యనక్కరలేదు. పక్కనే ఆడ తీగ ముక్క నాటండి. పిల్లలు లేని అక్క ఉంటే ఆమెనూ పిలిచి నాటించండి. కాయలు కాసినప్పుడు అందరూ చూస్తారు.