ఈ ప్లేస్ మీకు ఎలా ఉంది? ఆటిజం ఉన్నవాళ్లని అడిగితే ఏం తెలిసింది?

ఈరోజు మనం రోజూ వెళ్లే షాపులు, బస్టాండ్లు, ఆఫీసుల గురించి మాట్లాడుకుందాం. అవి కొంతమందికి ఎంత కష్టంగా ఉంటాయో, ఆ కష్టాన్ని వాళ్లనే అడిగి తెలుసుకుంటే ఏం మారుతుందో చూద్దాం.

ఒక సూపర్ మార్కెట్‌ని ఊహించుకోండి. పైన ట్యూబ్‌లైట్లు. ఫ్రీజర్ల నుంచి గుయ్‌మని సౌండ్. బిల్లింగ్ దగ్గర బీప్ బీప్. స్పీకర్‌లో ఆఫర్ల గోల. ఒక వరుసలో డిటర్జెంట్ వాసన, ఇంకో వరుసలో అగరుబత్తీల వాసన. వెనక నుంచి ఎవరో ట్రాలీతో తగిలిస్తారు. మనలో చాలామందికి మెదడు వీటిని తనంతట తానే పక్కన పెట్టేస్తుంది. పాలు, గుడ్లు తీసుకుని బయటికి వచ్చేస్తాం. చాలామంది ఆటిస్టిక్ వ్యక్తులకి అవి పక్కకి పోవు, అన్నీ ఒకేసారి మీద పడతాయి.

ఫోన్‌లో బ్యాక్‌గ్రౌండ్‌లో నలభై యాప్స్ ఓపెన్‌గా ఉంటే ఏమవుతుంది? ఫోన్ వేడెక్కుతుంది, ఛార్జింగ్ పడిపోతుంది, చివరికి హ్యాంగ్ అవుతుంది. ఏ యాప్ వల్ల అంటే చెప్పలేం, అన్నీ కలిసి చేసిన పని అది. ఇదీ దాదాపు అంతే.

ఇది వాళ్ల ఓవరాక్షన్ కాదు. డాక్టర్లు వాడే డీఎస్‌ఎం-5 అనే పుస్తకం 2013లో వచ్చింది. అందులో ఆటిజం లక్షణాల్లో దీన్ని కూడా చేర్చారు. శబ్దం, వెలుతురు, స్పర్శ లాంటివి కొందరికి మరీ ఎక్కువగా తెలుస్తాయి, కొందరికి తక్కువగా తెలుస్తాయి. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు. మిక్సీ సౌండ్ భరించలేని కుర్రాడే తిరిగే ఫ్యాన్‌ని గంటసేపు హాయిగా చూస్తూ కూర్చోవచ్చు. అంటే దీంట్లో బాధే కాదు, ఆనందం కూడా ఉంది.

ఇప్పుడు అసలు పాయింట్. ఒక యాప్ కట్టేముందు మనం ఏం చేస్తాం? రిక్వైర్‌మెంట్స్ తీసుకుంటాం. ఎవరి దగ్గర? వాడేవాళ్ల దగ్గర. మరి బిల్డింగ్ కట్టేటప్పుడు, షాపు పెట్టేటప్పుడు ఆటిజం ఉన్నవాళ్లని ఎవరైనా అడుగుతున్నారా? ఎప్పుడైనా అడిగినా అమ్మానాన్నల్నో, థెరపిస్టునో అడుగుతారు. వాళ్ల మాట కూడా కావాలి, కాదనను. కానీ ఆ ట్యూబ్‌లైట్ కింద నిలబడేది వాళ్లు కాదు కదా.

యూకేలో దీన్ని సరిగ్గా చేసినవాళ్లు ఉన్నారు. రీడింగ్ యూనివర్సిటీ పరిశోధకులు సెన్సరీ స్ట్రీట్ అనే ప్రాజెక్ట్‌లో ఏ పబ్లిక్ ప్లేసులు కష్టంగా ఉన్నాయో ఆటిస్టిక్ వ్యక్తుల్నే అడిగారు. తర్వాత ఆటిస్టిక్ పెద్దవాళ్లతో గ్రూపులుగా మాట్లాడించి, ఆ అనుభవాల్ని ఒక పరిశోధన పత్రంగా వేశారు. సూపర్ మార్కెట్లు, హోటళ్లు, రద్దీ వీధులు, బస్సులు, రైళ్లు, హాస్పిటళ్లు, షాపులు బాగా ఇబ్బంది పెట్టే చోట్లుగా తేలాయి.

అడగడం వల్ల ఏం తెలిసిందో చూడండి. బయటినుంచి చూసేవాళ్లు "సౌండ్ తగ్గిస్తే చాలు" అనుకుంటారు. వాళ్ల మాటల్లోంచి ఆరు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, ఆ చోట ఉండే శబ్దం, వెలుతురు, వాసనలు. రెండు, మనుషులు మీద పడకుండా ఉండేంత జాగా. మూడు, అక్కడ ఏం జరగబోతుందో ముందే తెలియడం. నాలుగు, అక్కడున్నవాళ్లు అర్థం చేసుకోవడం. ఐదు, అవసరానికి తగ్గట్టు మార్పులు చేసుకునే వీలు. ఆరు, తట్టుకోలేనప్పుడు కాసేపు పక్కకి వెళ్లి తేరుకునే చోటు.

ఈ ఆరింటిలో సౌండ్, లైట్లకి సంబంధించింది మొదటిదే. మిగతావి అడగకపోతే తెలిసేవి కావు. నాలుగోది చూడండి, దానికి సిమెంటూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న మనిషిని వింతగా చూడకపోతే చాలు.

మార్పులు కూడా వచ్చాయి. యూకేలో మోరిసన్స్ అనే సూపర్ మార్కెట్ చైన్ 2018లో శనివారం పొద్దున ఒక గంట లైట్లు తగ్గించి, మ్యూజిక్ ఆపి, బీప్ సౌండ్లు తగ్గించే పద్ధతి మొదలుపెట్టింది. మంచిదే. కానీ అప్పుడది వారంలో ఒక్క గంటే, మిగతా గంటల సంగతి ఏంటి? బిల్డింగ్‌లోనే ఇది ఉండాలి అంటూ 2022లో అక్కడి స్టాండర్డ్స్ సంస్థ బీఎస్ఐ పీఏఎస్ 6463 అనే డిజైన్ గైడ్ తెచ్చింది. లైటింగ్, శబ్దం, వాసనలు, దారి తెలుసుకోవడం, నిశ్శబ్దంగా ఉండే గదులు, అన్నీ అందులో ఉన్నాయి.

మరి మన దగ్గర? 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. కానీ మన ఊళ్లో "యాక్సెసిబుల్" అనగానే గుర్తొచ్చేది ర్యాంపు, లిఫ్టు. అవి తప్పకుండా కావాలి. కాకపోతే అక్కడితో ఆగిపోతున్నాం.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒకతనికి ఆటిజం ఉండేది. కోడ్ చాలా నీట్‌గా రాసేవాడు. కంపెనీ పేరు చెప్పను. కొత్త ఫ్లోర్‌కి మారేముందు అందరికీ సర్వే ఫారం పంపారు. కుర్చీ ఎలా ఉండాలి, కాఫీ మెషిన్ ఏది కావాలి అని అడిగారు. శబ్దం గురించి ఒక్క ప్రశ్న లేదు. అతనికి ప్యాంట్రీ డోర్ పక్కన సీటు వచ్చింది. డోర్ తెరిచిన ప్రతిసారీ మైక్రోవేవ్ బీప్, పోపు వాసన, పది మంది మాటలు. సీటు మార్చమని అడిగితే సీటింగ్ ప్లాన్ ఫైనల్ అయిపోయిందన్నారు. ఆరు నెలలకి పేపర్ వేశాడు. వెళ్లేముందు నాతో అన్నమాట ఇదీ: "పని కష్టం కాదు బ్రో, అక్కడ కూర్చోవడం కష్టం." ఒక సీటు మారిస్తే ఒక ఉద్యోగం నిలబడేది.

సరే, మీరు కాలేజీ ఫెస్ట్ చేస్తున్నారు, టిఫిన్ సెంటర్ పెడుతున్నారు, లేదా ఆర్కిటెక్చర్ చదువుతున్నారు అనుకుందాం. ఎలా అడగాలి?

"మీకు శబ్దం ఇబ్బందా?" అని అడిగితే "అవును" అని వస్తుంది, దాంతో మీరేం చేయలేరు. చోటు, టైమ్ పెట్టి అడగండి. "ఈ గేటు నుంచి కౌంటర్ దాకా వచ్చేలోపు ఎక్కడ ఆగిపోవాలనిపించింది? ఎక్కడ హాయిగా ఉంది?" అని అడగండి. వీలైతే కలిసి నడవండి. ఎదురుగా కూర్చుని మాట్లాడటం కష్టమైతే వాట్సాప్‌లో టైప్ చేయనివ్వండి, ఫొటోలు పంపనివ్వండి, బొమ్మ గీయనివ్వండి. మాట్లాడని వాళ్లని లెక్కలోంచి తీసేయకండి. ట్యాబ్‌లో బొమ్మలు చూపించి చెప్పేవాళ్లున్నారు. ఏ తలుపు దగ్గర వెనక్కి తిరుగుతున్నారో గమనించినా అది సమాధానమే. ఒక్కరిని అడిగి ఆపొద్దు. ఎందుకంటే తక్కువ వెలుతురు కావాలనేవాళ్లుంటారు, చూపు తక్కువై ఎక్కువ వెలుతురు కావాలనేవాళ్లూ ఉంటారు. అందుకే అందరికీ ఒకటే సెట్టింగ్ కాకుండా, ఎంచుకోవడానికి రెండు మూడు చోట్లు ఉండాలి.

యూకే లిస్టుని కాపీ పేస్ట్ చేస్తే కూడా సరిపోదు. పెళ్లి బరాత్‌లో డీజే, గుడిలో క్యూ లైన్ తోపులాట, ఆర్టీసీ బస్టాండ్‌లో హారన్లు, ఇంట్లో కుక్కర్ విజిల్, ఇవి అక్కడి లిస్టులో ఉండవు. మన లిస్టు మనమే అడిగి రాసుకోవాలి.

ఖర్చు కూడా అన్నిసార్లూ ఎక్కువ కాదు. మినుకుమినుకుమనే ట్యూబ్‌లైట్ మార్చడం, వాష్‌రూమ్‌లో హ్యాండ్ డ్రయ్యర్ పక్కన టిష్యూలు పెట్టడం, ఫంక్షన్ హాల్లో స్పీకర్లకి దూరంగా ఒక గది ఖాళీగా ఉంచడం, లోపల ఎలా ఉంటుందో ముందే నాలుగు ఫొటోలు పంపడం. వీటికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

చివరిగా, ఫోన్ చేతిలో ఉన్న మనందరికీ ఒక మాట. మాల్‌లోనో, రైల్లోనో ఎవరైనా పిల్లాడు చెవులు మూసుకుని ఏడుస్తుంటే, పెద్దమనిషే అయినా కింద కూర్చుండిపోతే, అది అల్లరి కాదు, నాటకం కాదు. తట్టుకోగలిగే హద్దు దాటిపోయిందంతే. వీడియో తీయకండి. చుట్టూ గుమిగూడకండి. కొంచెం జాగా ఇవ్వండి, పక్కన మోగుతున్న రీల్ సౌండ్ ఆపండి. ఆ క్షణంలో ఆ ప్లేస్ డిజైన్‌లో మనం కూడా భాగమే.

మీలో ఎవరికైనా ఆటిజం ఉంటే, మీ ఊళ్లో ఏ చోటు కష్టం, ఏ చోటు హాయి, ఎందుకు అన్నది రాసి పంపండి. పేరు అక్కర్లేదు. నేను వాటిని ఊరివారీగా, చోటువారీగా ఒక లిస్టు చేసి, వచ్చే నెల ఎపిసోడ్‌లో మీ మాటల్లోనే చదువుతాను. అప్పటిదాకా ఉంటాను మరి.