నామినీ వేరు, వారసుడు వేరు



ఉగాది పూట చావు మాట ఎత్తినందుకు మన్నించండి. పచ్చడిలో వేపపువ్వు కూడా ఉన్నది గదా!

మన దుర్గాపూర్ బొగ్గుగనిలో కుదిరినవాడు పెళ్లికి ముందే బ్యాంకు కాగితంలో తమ్ముని పేరు నామినీగా వ్రాసి, ఆ సంగతి మరచిపోతాడు. అతడు పోయిన పిదప సొమ్ము తమ్ముని చేతికి వస్తుంది. చేతికి వచ్చినంత మాత్రాన అది తమ్మునిది కాదు. నామినీ డబ్బు పుచ్చుకొనేవాడే గాని హక్కుదారు కాడని, బ్యాంకు డిపాజిట్ల విషయమై సుప్రీంకోర్టు 2010లో తేల్చి చెప్పింది.

మరి హక్కు ఎవరిది? వీలునామా లేకపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లికి తలా ఒక సమభాగం. కరీంనగర్ వైపు ఊళ్లో ఒంటరిగా ఉన్న ఆ ముసలితల్లినే అందరూ మరచిపోయేది!

నామినీ లేనప్పుడు బ్యాంకువారు సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మనవచ్చును. అందుకు చనిపోయినవాడు కాపురమున్న చోటి కోర్టుకు, అనగా చంద్రపూర్‌కు, పోవాలి. అది డిపాజిట్లకు, బాకీలకే. ఊళ్లోని పొలానికి చెల్లదు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వారిచేత సంతకాలు చేయిస్తే చాలును. ప్రొబేటు, అనగా వీలునామా నిజమైనదని కోర్టువారిచ్చే ధ్రువీకరణ, మన ప్రాంతపు హిందువులకు తప్పనిసరి కాదు.

ఈ ప్రసంగం వ్రాస్తూ నా బ్యాంకు కాగితం తీసి చూచాను. నామినీ మా నాన్నగారు. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది.