బ్రేకులు లేని బండి
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా గారి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. పెన్షన్ ఎవరో దయతలచి పడేసే భిక్ష కాదనీ, మన హక్కనీ చెప్పిన తీర్పు అది. ఏటా ఈ మైకు ముందు నిలబడి నేను మాట్లాడేది డి.ఎ. బకాయిల గురించే. ఈసారి కార్యదర్శి గారు ముందే హెచ్చరించారు: "బకాయిల సంగతి నేను చూసుకుంటాను, మీరు ఇంకేదైనా చెప్పండి" అని. అందుచేత ఈరోజు ఒక మోటారు సైకిలు పందెగాడి కథ చెబుతాను. నవ్వకండి. సర్వీసంతా సైకిలు మీద ఆఫీసుకు వెళ్ళినవాణ్ణి, మోటారు సైకిలు నడపడం నాకు ఈనాటికీ రాదు. అయినా చెబుతాను. ఎందుకు చెబుతున్నానో చివరికి మీకే తెలుస్తుంది.

ఆయన పేరు తొమాష్ గొల్లోబ్. దేశం పోలెండు. పుట్టింది 1971 ఏప్రిల్ 11న, బిడ్‌గోష్చ్ అనే ఊళ్ళో. ఆ ఊరి పేరు పలకడం నాకు రెండు రోజులు పట్టింది. నేర్పినవాడు మా అమ్మాయి కొడుకు. వాడు అక్కడే వ్రోత్స్వాఫ్ అనే నగరంలో చదువుకుంటున్నాడు.

ముందు ఆట సంగతి చెప్పాలి. దీన్ని స్పీడ్‌వే అంటారు. కోడిగుడ్డు ఆకారంలో మట్టి బాట ఉంటుంది. ఒక చుట్టు సుమారు మూడు నాలుగు వందల మీటర్లు. నలుగురు మనుషులు, నాలుగు బళ్ళు, నాలుగు చుట్లు. ఒక్క నిమిషంలో పందెం ముగిసిపోతుంది. మొదట వచ్చినవాడికి మూడు పాయింట్లు, తర్వాతివాడికి రెండు, ఆ తర్వాతివాడికి ఒకటి, చివరివాడికి సున్న. ఇంజను 500 సి.సి.ది. అందులో పోసేది పెట్రోలు కాదు, మెథనాల్. గేరు ఒక్కటే. బ్రేకులు అసలే లేవు.

బ్రేకులు లేవని వినగానే నేను మనవణ్ణి కేకలేశాను. వాడు ఓపిగ్గా వివరించాడు. "తాతయ్యా, నలుగురూ ఒకరి వెంట ఒకరు గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతుంటారు. ముందువాడు ఉన్నట్టుండి బ్రేకు వేశాడంటే వెనకవాడు వాడి మీదికి ఎక్కేస్తాడు. అందుకే ఎవరికీ ఉండవు" అన్నాడు. మరి మలుపు తిరిగేదెలా? ఎడమ కాలి బూటుకు ఇనుప రేకు తొడుక్కుంటారు. ఆ కాలును నేల మీద ఆనించి, వెనక చక్రాన్ని పక్కకు జారనిస్తూ తిరుగుతారు. బండి ఎడమకు తిరుగుతుంటే ముందు చక్రం కుడివైపు చూస్తూ ఉంటుంది. ఇంకొక చిన్న ఏర్పాటు కూడా ఉంది. చేతి మణికట్టుకు ఒక తాడు కట్టి ఉంటుంది. మనిషి బండి మీంచి పడితే తాడు లాగుకుని ఇంజను ఆగిపోతుంది. పడతారని ముందే తెలిసి చేసిన ఏర్పాటన్నమాట.

ఈ ఆటంటే పోలెండు వాళ్ళకు ప్రాణం. మన ఊళ్ళల్లో క్రికెట్టు ఎలాగో అక్కడి కొన్ని ఊళ్ళల్లో ఇది అలాగ. అయినా ప్రపంచ చాంపియన్ పదవి వాళ్ళకు చాలాకాలం అందలేదు. మొట్టమొదట తెచ్చినవాడు యెజీ ష్చాకెల్. ఈయనది విచిత్రమైన కథ. 1971లో గోథెన్‌బర్గ్‌లో జరిగిన ప్రపంచ ఫైనల్లో ఈయనకు వచ్చినవి సున్న పాయింట్లు. రెండేళ్ళు తిరిగాయి. 1973 సెప్టెంబరు 2న తన దేశంలోనే, ఖోజూఫ్ స్టేడియంలో మళ్ళీ ఫైనల్. అప్పటికే నాలుగుసార్లు చాంపియన్ అయిన న్యూజిలాండ్ వీరుడు ఐవన్ మాగర్‌తో పాయింట్లలో సమానమయ్యాడు. ఇద్దరికీ విడిగా ఇంకో పందెం పెట్టారు. మాగర్ దాటబోయి పడిపోయాడు. ష్చాకెల్ చాంపియన్ అయ్యాడు.

ఆ రోజుకు మన గొల్లోబ్‌కు రెండేళ్ళు. పోలెండుకు రెండో చాంపియన్ రావడానికి మధ్యలో ముప్పై ఏడు సంవత్సరాలు గడిచాయి. మన లెక్కలో 33 ఏళ్ళకు ఫుల్ సర్వీసు. అంటే ఒక ఉద్యోగి అందులో చేరి, ఫుల్ పెన్షన్‌కు అర్హత సంపాదించి, ఆ పైన ఇంకో నాలుగేళ్ళు పని చేసినంత కాలం ఆ దేశం ఎదురుచూసింది.

గొల్లోబ్ కుర్రతనంలో మోటోక్రాస్ తొక్కేవాడు. అంటే గుట్టలూ గోతుల మీద బండి ఎగిరిస్తూ పోయే పందెం. తర్వాత స్పీడ్‌వేకు మారి, 1988లో సొంత ఊరి క్లబ్బు పొలోనియాలో దిగాడు. అన్నగారు యాత్సెక్ కూడా పందెగాడే. తండ్రి వ్వదీస్వాఫ్ వీళ్ళ వెనక ఉండి నడిపించినవాడు. గొల్లోబ్ 1992 నుంచి 1995 వరకు వరసగా నాలుగేళ్ళు పోలెండు చాంపియన్ అయ్యాడు. మొత్తం మీద ఎనిమిదిసార్లు. ప్రపంచ టైటిల్‌కు అంతకుముందు ఒకే రోజు ఫైనల్ ఉండేది. 1995లో పద్ధతి మార్చి, ఏడాది పొడుగునా ఒక్కో దేశంలో జరిగే గ్రాండ్ ప్రీ పోటీలు పెట్టారు. ఆ పద్ధతిలో మొట్టమొదటి పోటీ 1995 మే 20న వ్రోత్స్వాఫ్‌లో జరిగింది. నెగ్గినవాడు గొల్లోబ్. ఇంకేముంది, రేపో మాపో చాంపియన్ అవుతాడని దేశమంతా అనుకుంది.

ఇక్కడి నుంచి కథ మనకు బాగా పరిచయమైనదే. 1997లో మూడో స్థానం. 1998లో మళ్ళీ మూడో స్థానం. 1999లో బాగా ముందున్నాడు, ఇక వచ్చేసినట్టే అనుకున్నారు. ఆఖరి పోటీకి కొద్ది రోజుల ముందు వ్రోత్స్వాఫ్‌లో ఇంకో పందెంలో పడి గట్టి దెబ్బలు తగిలాయి. ఆ దెబ్బలతోనే డెన్మార్కు వెళ్ళి ఆఖరి పోటీలో దిగాడు. టైటిల్ స్వీడన్ వాడు టోనీ రికార్డ్‌సన్‌కు పోయింది, ఈయనకు రెండో స్థానం మిగిలింది. 2001లో మళ్ళీ మూడు. ఆ తర్వాత ఆరేళ్ళు పతకమే లేదు.

అయ్యా, ప్రమోషన్ ఫైలు సెక్షన్ల మధ్య ఎలా తిరుగుతుందో మనందరికీ తెలుసు. నాకు సూపరింటెండెంటు పోస్టు రిటైరు కావడానికి ఎనిమిది నెలల ముందు వచ్చింది. అప్పటికి నా జూనియర్లు ఇద్దరు ఆ కుర్చీలో కూర్చుని వెళ్ళారు. ఆ బాధ ఎలాంటిదో ఇక్కడ ఎవరికీ వివరించనక్కరలేదు.

2007 ఏప్రిల్లో ఇంకో గండం. తండ్రి నడుపుతున్న చిన్న విమానంలో గొల్లోబ్, రూనే హోల్తా అనే తోటి పందెగాడు వెళుతుండగా తార్నుఫ్ దగ్గర అది కూలిపోయింది. ప్రాణాలతో బయటపడ్డారు. ఆ వేసవిలోనే లెష్నోలో పోలెండు జట్టు ప్రపంచ కప్పు గెలిచింది. ఆ జట్టులో ఈయన ఉన్నాడు.

2008లో మూడో స్థానం. 2009లో రెండో స్థానం. అప్పటికి వయసు ముప్పై ఎనిమిది. ఈ ఆటలో కుర్రవాళ్ళు ఇరవై ఏళ్ళకే వచ్చి మీద పడుతుంటారు. 2010 సెప్టెంబరులో ఇటలీలోని తెరెన్జానోలో, ఆఖరి పోటీ ఇంకా మిగిలి ఉండగానే, గొల్లోబ్ ప్రపంచ చాంపియన్ అయిపోయాడు. మొదటి గ్రాండ్ ప్రీ నెగ్గిన పదిహేనేళ్ళ తర్వాత, తన ముప్పై తొమ్మిదో ఏట. ఆ ఏడాది ఆఖరి పోటీ ఎక్కడ జరిగిందనుకున్నారు? ఆయన పుట్టిన బిడ్‌గోష్చ్‌లోనే. రెండో స్థానం కూడా పోలెండు వాడికే వచ్చింది, పేరు యారోస్వాఫ్ హంపెల్. 1973 నాటి ష్చాకెల్ అప్పటికి జీవించే ఉన్నారు. ఆయన 2020లో పోయారు.

కథ ఇక్కడ ఆపితే అందరం చప్పట్లు కొట్టి టిఫిన్లకు లేవవచ్చు. కానీ నేను చెప్పదలచుకున్నది దీని తర్వాతి సంగతి.

2017 ఏప్రిల్ 23న, నలభై ఆరేళ్ళ వయసులో, హెవ్మ్‌నో అనే ఊళ్ళో మోటోక్రాస్ సాధన చేస్తూ గొల్లోబ్ పడిపోయాడు. చిన్నప్పుడు మొదలుపెట్టిన ఆటే అది. వెన్నుపూస విరిగి వెన్నుపాము దెబ్బతింది. బిడ్‌గోష్చ్‌లోని మిలిటరీ ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది. నడుము కింది భాగం చచ్చుబడింది. అప్పటి నుంచీ చక్రాల కుర్చీయే. మణికట్టుకు కట్టిన తాడు ఇంజనును ఆపగలదు గాని వెన్నెముకను కాపాడలేదు.

మామూలుగా ఇలాంటి కథల్లో "పట్టుదలతో మళ్ళీ లేచి నడిచాడు" అని రాస్తారు. ఈయన నడవలేదు. నొప్పులు విపరీతంగా ఉన్నాయని, భరించడం కష్టంగా ఉందని పత్రికలవాళ్ళకు దాచకుండా చెప్పాడు. ధైర్యవంతుడి వేషం కట్టలేదు. కానీ ఒక పని చేశాడు. ఆ కుర్చీలోనే స్పీడ్‌వే పందేలకు వచ్చాడు. ఏ స్టేడియాల్లో వేలమంది తన పేరు అరిచేవారో అక్కడికే, తోసుకుపోయే కుర్చీలో, నలుగురూ చూస్తుండగా వచ్చాడు.

ఇప్పుడు నా సంగతి. కొందరికి తెలుసు. కిందటి ఏడాదికి ముందు ఏడాది బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక వాకర్ వచ్చింది. ఆ వాకర్‌తో నేను పధ్నాలుగు నెలలు గుమ్మం దాటలేదు. కాలు నొప్పికి కాదు, సిగ్గుకు. నెలవారీ మీటింగుకు రమ్మని మన కోశాధికారి గారు ఫోను చేసినప్పుడల్లా జలుబని చెప్పాను. పధ్నాలుగు నెలల జలుబు! మా ఆవిడ పక్కనుండి వింటూ ఊరుకునేది. ఆ రోజుల్లో మనవడు సెలవులకు వచ్చి, సెల్‌ఫోనులో ఈ గొల్లోబ్ పందేలు చూపించాడు. ఆ తర్వాత కుర్చీలో వచ్చిన వీడియో చూపించాడు. "తాతయ్యా, ఈయన్ని చూసి అక్కడ ఎవరూ నవ్వలేదు. అందరూ లేచి నిలబడ్డారు" అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు. మరుసటి నెల మీటింగుకు వచ్చాను.

వచ్చి చూస్తే తెలిసింది, మన సంఘ భవనానికి అయిదు మెట్లున్నాయని. పదిహేనేళ్ళుగా ఎక్కుతూ దిగుతూ ఉన్నాను, ఏనాడూ లెక్కపెట్టలేదు. ఆ రోజు లెక్కపెట్టాను. ఇద్దరు మిత్రులు చెరో రెక్క పట్టుకుని ఎక్కించారు. కూర్చున్నాక చుట్టూ చూశాను. ఇదివరకు ముందు వరసలో కూర్చునే కొందరు లేరు. పోయారేమో అనుకున్నాను. కనుక్కుంటే బతికే ఉన్నారు. ఒకరికి పక్షవాతం, ఒకరికి మోకాళ్ళు, ఒకరికి చూపు. మనం వాళ్ళను సభ్యత్వ రిజిస్టరులోంచి కొట్టేయలేదు. అయిదు మెట్లతో కొట్టేశాం.

ఇందులో ఎవరి తప్పూ ఎత్తి చూపడం లేదు. పధ్నాలుగు నెలలు జలుబని చెప్పిన నా తప్పు ముందు. నేను నోరు విప్పి "మెట్లెక్కలేను" అని ఉంటే ఎవరో ఒకరు ఆలోచించేవారే. చెప్పుకోవడానికి మనకు సిగ్గు, అడగడానికి ఎదుటివాడికి మొహమాటం. ఈ రెంటి మధ్య మనుషులు ఇళ్ళల్లో ఉండిపోతున్నారు.

గొల్లోబ్ గోర్జుఫ్ జట్టులో ఉన్న రోజుల్లో అక్కడే బార్తోష్ జ్మార్జ్లిక్ అనే కుర్రవాడు తయారవుతున్నాడు. ఆ కుర్రవాడే 2019లో పోలెండుకు మూడో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ అయ్యాడు. మొదటివాడికి, రెండోవాడికి మధ్య ముప్పై ఏడేళ్ళు. రెండోవాడికి, మూడోవాడికి మధ్య తొమ్మిదేళ్ళే. తెలిసినవాడు పక్కన ఉంటే వచ్చే లాభం అది. మన ఇళ్ళల్లో ఉండిపోయినవాళ్ళ దగ్గర ఎన్ని రూల్సు, ఎన్ని జి.ఓ.లు, ఎంత అనుభవం మూలపడి ఉన్నాయో ఆలోచించండి. కాళ్ళు పోయాయి గాని, ఫండమెంటల్ రూల్సు మరిచిపోలేదు గదా!

కాబట్టి ఈ సభ ముందు రెండు మనవులు. ఒకటి, మన భవనం మెట్ల పక్కన సిమెంటుతో ఏటవాలు దారి, దానికి ఒక ఇనుప కమ్మీ కట్టించాలి. నా కమ్యుటేషన్ సొమ్ము ఎప్పుడో ఖర్చయిపోయింది గాని, ఒక నెల పెన్షన్ ఈ పనికి ఇస్తున్నాను. చెక్కు కోశాధికారి గారికి ఇందాకే ఇచ్చాను. రెండు, మీటింగులకు మానేసిన సభ్యుల పేర్లు రాసి తలా ఇద్దరిని పంచుకుందాం. ఇంటికి వెళ్ళి పలకరిద్దాం. లైఫ్ సర్టిఫికెట్ పని ఉంటే అక్కడే చేయించి వద్దాం. జలుబు అని చెబితే మాత్రం నమ్మవద్దు.

మనందరివీ ఇప్పుడు బ్రేకులు లేని బళ్ళే. పడటం మన చేతిలో లేదు. పడ్డవాణ్ణి బాట పక్కన వదిలేయకుండా ఉండటం మన చేతిలో ఉంది.

 కార్యదర్శి గారూ, ఇక డి.ఎ. బకాయిల సంగతి మీరు చెప్పండి.