మూగవోయిన బాకా మరల పలికిన వైనము



ఇత్తడి బాకాకు ప్రాణము వాదకుని పెదవులు. ఆ పెదవులకు ఆసరా ముందుపండ్లు. అవి లేనిచో ఎంతటి విద్వాంసునకైనను నాదము చిక్కుట కష్టము.

అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరమున బంక్ జాన్సన్ అను నల్లజాతి వాదకుడు చిన్ననాటనే కార్నెట్టు బాకా నేర్చి పేరు గడించెను. 1931లో ఒక నృత్యశాలలో జరిగిన కొట్లాటలో బృందనాయకుడు హతుడయ్యెను. జాన్సన్ బాకా ధ్వంసమయ్యెను. ముందుపండ్లును పోయినవి. పిమ్మట అతడు న్యూ ఐబీరియా పట్టణమున కూలినాలి చేసి పొట్టపోసికొనెను.

జాజ్ సంగీత చరిత్ర వ్రాయబూనిన పరిశోధకులు, పాత వాదకుల నడిగి అతని జాడ కనుగొనిరి. ఆ గ్రంథము 1939లో వెలువడెను. అతనికి కావలసినవి రెండే: పండ్లు, బాకా. అభిమానులు తలకొంత వేసికొని ఆ రెండును సమకూర్చిరి. 1942లో అతని వాద్యము గ్రామఫోను రికార్డుల కెక్కెను. 1949లో అతడు కన్నుమూసెను. రికార్డులు నేటికిని పలుకుచున్నవి.

చిన్ననాటి విద్య మరుగున పడునే గాని నశింపదు. దానిని వెదకువారును, చేయూత నిచ్చువారును కావలెను. గ్రంథాలయము పుస్తకములను దాచుటతో తృప్తి చెందరాదు. ఈ గ్రామమున ఏ యింటి అటకపై ఏ సన్నాయి, ఏ మద్దెల మూగవోయి యున్నదో విచారించుటయు దాని ధర్మమే.